ఫీడింగ్ పంపు చప్పుడు తగ్గేదెలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. కడుపు సరిగ్గా పనిచేయక చిన్నపేగులోకి ట్యూబు వేశారు. పగలు కూడా పంపుతోనే ఫీడ్ (ద్రవాహారం) వెళ్లాలి. పంపును బ్యాగులో పెట్టుకుని బడికి వెళ్తుంది కానీ, పరీక్షలప్పుడు గది నిశ్శబ్దంగా ఉంటే అది ఆగి ఆగి గుర్రుమంటుందట, పిల్లలంతా వెనక్కి తిరిగి చూస్తారట. ఈమధ్య బడికెళ్లగానే తనే ఆపేస్తోందని తెలిసింది. ఏం చేయాలి?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, పాపను కోప్పడకండి. అందరూ తనవైపే చూస్తుంటే ఆ వయసులో ఎవరికైనా కష్టమే. అయితే ఆపేస్తున్న సంగతి మాత్రం ఈ వారమే డాక్టరుకూ డైటీషియన్‌కూ చెప్పండి. కడుపులోకి వేసిన ట్యూబైతే చాలామందికి సిరంజితో ఒకేసారి ఫీడ్ ఇచ్చేయొచ్చు. చిన్నపేగు కడుపులా సాగి నిలవ పెట్టుకోలేదు, అందుకే కొద్దికొద్దిగా పంపాలి, ఒక్కసారిగా పోస్తే కడుపునొప్పీ విరేచనాలూ వస్తాయి. కాబట్టి ఆపిన గంటల ఫీడ్‌ను మీరే స్పీడు పెంచి భర్తీ చేయొద్దు. రాత్రి గంటలు కాస్త పెంచి, బడి వేళలో కొంతసేపు విరామం ఇవ్వడం కుదురుతుందేమో వాళ్లనే అడగండి. విరామం ఇస్తే ట్యూబు లోపలికి నీళ్లు పంపి కడగడం తప్పనిసరి, లేకపోతే పూడుకుపోతుంది.

ఇక చప్పుడు. పంపు మోటారు చేసే శబ్దం నిజానికి చిన్నదే, అది ఆనుకున్న వస్తువు దాన్ని పెద్దది చేస్తుంది. వీణ తీగ నాదానికి కుండ ఎలా పనిచేస్తుందో, మోటారు అదురుకు చెక్క బెంచీ, స్టీలు టిఫిన్ బాక్సు అలా పనిచేస్తాయి. ఇంట్లోనే చూడండి: పంపును ఉత్త బల్ల మీద పెట్టి వినండి, తర్వాత మడత పెట్టిన టవల్ మీద పెట్టి వినండి. బ్యాగులో పంపుకు విడిగా ఒక అర కుట్టించి, అడుగునా పక్కలా మెత్తటి ఫోమ్ వేయించండి, టిఫిన్ బాక్సు దానికి తగలకుండా చూడండి. స్పీకర్ రంధ్రాలు మూయొద్దు, పంపు మొత్తాన్ని గుడ్డలో చుట్టేయొద్దు. వేడి బయటికి పోవాలి, అలారం వినపడాలి. బ్యాగును బెంచీ మీద కాకుండా కుర్చీకి తగిలిస్తే ఇంకా మేలు. పొద్దున ఫీడ్ నింపాక సంచిలోని గాలంతా పైకి తెచ్చి పిండేసి అప్పుడు ట్యూబు నింపండి, అనవసరమైన అలారాలు బాగా తగ్గుతాయి. పొడి కలిపిన ఫీడైతే 4 గంటలకు మించి సంచిలో ఉంచకూడదు, మన ఎండలకు పక్కన ఐస్ ప్యాక్ కూడా ఉండాలి.

క్లాస్ టీచరుతో మాట్లాడండి. పరీక్షకు ఫ్యాను కింద చోటు ఇస్తే ఆ హోరులో చప్పుడు కలిసిపోతుంది. స్నేహితులకు ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది మాత్రం పాపకే వదిలేయండి.

ప్రశ్న: ఫైనలియర్ ప్రాజెక్టుగా తక్కువ ధరలో, చప్పుడు లేని పోర్టబుల్ ఫీడింగ్ పంపు చేస్తున్నాం. స్టెప్పర్ మోటారు (చిన్న చిన్న అడుగులుగా తిరిగేది) పెట్టాం, పనిచేస్తోంది కానీ గోలగా ఉంది. బజర్ తీసేసి అలారాన్ని ఫోనుకే పంపితే ఎలా ఉంటుంది?
– బీటెక్ విద్యార్థులు, కాకినాడ

జవాబు: బజర్ తీయొద్దు. ఫోన్ చార్జింగ్ అయిపోతుంది, బ్లూటూత్ తెగిపోతుంది. ఇన్సులిన్ తీసుకున్న మనిషికి ట్యూబు మూసుకుపోయి ఫీడ్ ఆగిన సంగతి ఎవరికీ తెలియకపోతే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఫోన్ అదనంగా ఉండనివ్వండి. వైద్య పరికరాల అలారాలకు ఐఈసీ 60601-1-8 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అది చదవండి. దాని పరిధిలోనే ఫీడ్ అయిపోయిన కబురుకు ఒక తీరు, ట్యూబు మూసుకుపోతే ఒక తీరు పెట్టొచ్చు. మొదటిదానికి ఒంటికి తెలిసేలా చిన్న వైబ్రేషన్ చాలు. రెండోదానికి శబ్దం రావాలి, ఎవరూ పట్టించుకోకపోతే పెరగాలి.

తగ్గించాల్సింది మోటారు గోల. ఉదాహరణకు గంటకు 60 మి.లీ. అంటే నిమిషానికి ఒక్క మి.లీ. ట్యూబును నొక్కుతూ ఫీడ్‌ను తోసే మీ రోలరు ఒక చుట్టుకు పావు మి.లీ. తోస్తే నిమిషానికి నాలుగు చుట్లు. వాటిని గబగబా తిప్పి ఆపేస్తే బ్యాటరీ మిగులుతుంది, కానీ ఆగి ఆగి మొదలయ్యే చప్పుడే చెవికి ఎక్కువ తగులుతుంది. ఒకే తీరుగా మెల్లగా నడిచే సన్నటి శబ్దానికి చెవి అలవాటు పడుతుంది. అందుకని మైక్రోస్టెప్పింగ్ డ్రైవరుతో (మోటారు ఒక్కో అడుగును ఇంకా చిన్న అడుగులుగా విడగొట్టే సర్క్యూట్) మోటారును నెమ్మదిగా, నిరంతరంగా తిప్పే మోడ్ ఒకటి పెట్టండి. కరెంటు ఎక్కువ తింటుంది, నిజమే, అయితే రాత్రిపూట పంపు ఎలాగూ చార్జింగులోనే ఉంటుంది కదా! పగలు నిశ్శబ్దం కావలసిన గంటా రెండు గంటలు మనిషే ఆ మోడ్ ఆన్ చేసుకుంటాడు.

ఇనుప గేర్ల బదులు ప్లాస్టిక్ గేర్లు ప్రయత్నించండి. మోటారును డబ్బాకు నేరుగా స్క్రూలతో బిగించకుండా మధ్యలో మెత్తటి రబ్బరు వాషర్లు వేయండి, ముందు ఈ ఒక్క పని చేసి చూడండి. ట్యూబు ఎంత గట్టిదైతే దాన్ని నొక్కడానికి మోటారు అంత కష్టపడుతుంది. పడకగదిలో రాత్రి శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, తలగడ దూరంలో కొలిచి అంతకన్నా బాగా కిందికి తీసుకురండి. ల్యాబులో ఏసీ నడుస్తుండగా కొలిస్తే లాభం లేదు.

మీ ఉత్తరంలో మోటారు గురించి ఇంత రాశారు, వాడే మనిషి గురించి ఒక్క మాటా లేదు, అది నాకు బాధగా అనిపించింది. చీకట్లో స్క్రీన్ వెలుతురు తగ్గాలి. చున్నీ కింద నుంచి తడిమినా బటన్లు తెలియాలి. బ్యాగు పడుకోబెట్టినా, తలకిందులైనా ఫీడ్ ఆగకూడదు, అంటే చుక్కలు లెక్కపెట్టే పాత పద్ధతి పనికిరాదు. మార్కెట్లో ఉన్న ఇన్ఫినిటీ పంపు సుమారు 400 గ్రాములే, గంటకు 125 మి.లీ. చొప్పున ఒక్క చార్జికి దాదాపు 24 గంటలు నడుస్తుంది. అర లీటరు ఫీడే అంతకన్నా బరువు. అసలు మోటారే లేని దారీ ఉంది: ఐర్లండ్‌కు చెందిన రాక్‌ఫీల్డ్ కంపెనీ మొబిలిటీ ప్లస్‌లో, సాగిన సంచి ముడుచుకుంటూ ఫీడ్‌ను తోస్తుంది. చప్పుడు ఉండదు, కానీ అలాంటి వాటిలో ఫీడ్ చిక్కదనాన్ని బట్టి వేగం మారుతుంది.

పంపు నుంచి వచ్చే గొట్టాన్ని మనిషికి వేసిన ట్యూబుకు కలిపే కనెక్టరు విషయంలో రాజీ పడొద్దు. సెలైన్ లైనుకు పట్టని ఎన్‌ఫిట్ రకమే వాడాలి, ఫీడ్ పొరపాటున రక్తనాళంలోకి పోతే ప్రాణమే పోవచ్చు. ప్రస్తుతానికి నీళ్లతో, ఫీడ్‌తో బల్ల మీదే పరీక్షించండి, ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఎవరికీ పెట్టొద్దు.

ప్రశ్న: పక్షవాతం వచ్చిన మా మామయ్యగారికి రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) వేశారు. పంపు కొనమని చుట్టాలు పోరుతున్నారు. కొనాలా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: సిరంజితో ఇచ్చే ఫీడ్ వాంతి, దగ్గు లేకుండా ఇముడుతుంటే అక్కర్లేదమ్మా. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచి ఇవ్వండి, అయ్యాక కనీసం అరగంట పడుకోబెట్టకండి, చివర్లో డాక్టరు చెప్పినన్ని నీళ్లు పోయండి. ఫీడ్ ఇమడకపోయినా, ట్యూబును చిన్నపేగుకు మార్చినా అప్పుడు డాక్టరే పంపు రాస్తారు, కొనేముందు అద్దెకు దొరుకుతుందేమో కనుక్కోండి.