నొప్పి తగ్గింది, కానీ చెప్పు జారిపోతోంది

ప్రశ్న: నా వయసు 46. ఏడు వారాల క్రితం ధాన్యం బస్తాను ట్రాక్టర్‌లోకి ఎత్తబోతుండగా నడుము కలుక్కుమని, కుడి తొడ వెనుక నుంచి పాదం దాకా నొప్పి పాకింది. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. పదో రోజున చేసిన నరాల పరీక్ష, అంటే ఈఎంజీ, కూడా నార్మల్‌గానే వచ్చింది. ఇప్పుడు నొప్పి చాలావరకు తగ్గింది గానీ, నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోతోంది. పాదం పైభాగం మొద్దుబారినట్టు ఉంటోంది. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉన్నందున దానివల్లేనని ఇంట్లో అంటున్నారు. నరం దెబ్బతిన్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట చెప్పు జారిపోవడం. పాదాన్ని, వేళ్లను పైకి లేపి ఉంచే కండరాల్లో బలం తగ్గినప్పుడే సాధారణంగా అలా జరుగుతుంది. నొప్పి తగ్గింది కదా అని ఊరట చెందకండి. నొప్పి తగ్గినా బలహీనత అలాగే ఉందంటే నరం కోలుకుందని అనుకోవడానికి వీల్లేదు.

ఎక్స్‌రేలో ఎముకలే తప్ప నరాలు గానీ డిస్కులు గానీ కనిపించవు. కాబట్టి ఆ రిపోర్టు ఎముక విరగలేదన్న మేరకే ఉపయోగపడుతుంది. మీ విషయంలో మొదట జరగవలసింది యంత్రంతో చేసే పరీక్ష కాదు, డాక్టరు మీ చెప్పులు విప్పించి స్వయంగా చేసే పరీక్ష. మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు నడవమంటారు. బొటనవేలిని పైకి లేపి ఉంచమని, తన వేలితో కిందికి నొక్కి చూస్తారు. రెండు కాళ్లలోనూ అలా నొక్కి పోల్చినప్పుడు, మీరు ఇంతవరకు గమనించని తేడా కూడా బయటపడుతుంది. నడుము నుంచి వచ్చే ఎల్5 నరం మూలం నొక్కుకుపోతే మడమల మీద నడవడం కష్టమవుతుంది, బొటనవేలు బలహీనపడుతుంది, పాదం పైభాగంలో స్పర్శ తగ్గుతుంది. దాని కిందనున్న ఎస్1 మూలం దెబ్బతింటే మునివేళ్ల మీద లేవలేరు, మడమ వెనుక సుత్తితో తట్టినప్పుడు పాదం కదలదు. ఎల్5 ఒక్కటే దెబ్బతిన్నవారిలో మోకాలి దగ్గర, మడమ దగ్గర సుత్తి పరీక్షలు రెండూ మామూలుగానే ఉండవచ్చు. కనుక సుత్తితో మాత్రమే చూసి వదిలేస్తే ఈ లోపం తప్పిపోతుంది.

ఇక్కడ మరో చిక్కు ఉంది. మోకాలి బయటివైపు ఎముకను చుట్టి వెళ్లే పెరోనియల్ నరం నొక్కుకుపోయినా పాదం ఇలాగే జారుతుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుని పని చేసేవారిలో ఇది కనిపిస్తుంది. ఈ రెంటినీ వేరు చేయడానికి పాదాన్ని లోపలివైపు తిప్పమంటారు. ఎల్5 మూలం దెబ్బతింటే ఆ కదలిక కూడా బలహీనంగా ఉంటుంది, మోకాలి దగ్గరి నరం దెబ్బతింటే అది నిలబడి ఉంటుంది. ఇక షుగర్ వల్ల వచ్చే నరాల జబ్బు సాధారణంగా రెండు పాదాల్లోనూ, వేళ్ల చివర్ల నుంచి మేజోళ్లు తొడిగినట్టు మెల్లగా పైకి పాకుతుంది. బస్తా ఎత్తిన రోజు నుంచి ఒకే కాలికి వచ్చిన బలహీనతను షుగర్ ఖాతాలో వేయడం సరికాదు. అయితే మొద్దుబారిన పాదానికి పుండు పడినా తెలియదు కాబట్టి రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి.

పదో రోజున చేసిన ఈఎంజీ నార్మల్‌గా రావడంలో ఆశ్చర్యం లేదు. నరం తెగినా నలిగినా, దానికి చెందిన కాలి కండరాల్లో సూదికి అందే మార్పులు కనిపించడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. అందువల్ల ఇప్పుడు మళ్లీ చేయించుకోవాలి, అదీ సూదితో చేసే భాగం తప్పకుండా ఉండేలా చూసుకోవాలి. నరంలో కరెంటు వేగాన్ని మాత్రమే కొలిచి పంపేస్తే, నడుము దగ్గర మూలం నొక్కుకుపోయినవారిలో స్పర్శ నరాల కొలతలు తరచుగా మామూలుగానే వస్తాయి.

ఎమ్మారై కూడా అవసరమే. ఏ నొప్పీ లేనివారి ఎమ్మారైలో సైతం డిస్కు ఉబ్బు చాలా మామూలుగా కనిపిస్తుంది కనుక, ఫిల్ములోని ఉబ్బు నరాన్ని నొక్కుతున్న వైపు, మీ కాలిలో కనిపించిన బలహీనత రెండూ ఒకదానికొకటి సరిపోతేనే దానికి విలువ ఉంటుంది.

మీరు ఈ వారంలోనే న్యూరాలజిస్టును గానీ వెన్నెముక సర్జన్‌ను గానీ కలవండి, పాత ఎక్స్‌రే, ఈఎంజీ కాగితాలు వెంట తీసుకెళ్లండి. ఈలోగా మూత్రం రాక ఇబ్బంది పడినా, తెలియకుండా పోయినా, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారినా, రెండో కాలికి కూడా బలహీనత వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు. అర్ధరాత్రయినా సరే, ఎమ్మారై, ఆపరేషన్ సౌకర్యమున్న పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. అక్కడ ఆలస్యమైన ప్రతి గంటా మూత్రాశయ నరాలకు నష్టమే.