గురువారం మొదలుపెట్టు, చిన్నా

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

సోమవారం నుంచి ఆఫీసుకి వెళ్ళిపోతానంటున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. ఆపరేషన్ అయి ఏడు వారాలైంది, డాక్టరు సరేనన్నారు, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోంది అన్నావట. వెళ్ళు నాన్నా, నేను వద్దనను. కాకపోతే సోమవారం కాకుండా గురువారం మొదలుపెట్టు. రెండు రోజులు వెళ్ళేసరికి శని, ఆదివారాలు వస్తాయి. ఒంటికి ఎంత పడుతుందో ఆ రెండు రోజుల్లో తెలిసిపోతుంది.

నాకు వచ్చిందీ ఇదే గడ్డ, చెవి నుంచి మెదడుకి వెళ్ళే నరం మీద వచ్చే అకౌస్టిక్ న్యూరోమానే. నీకు ఎడమ చెవి వైపు, నాకు కుడి చెవి వైపు. 2006లో ఆపరేషన్ అయ్యేనాటికి నాకు 44 ఏళ్ళు, కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం. ఐదో వారానికే పూర్తి రోజు పనికి వెళ్ళిపోయాను. మూడో రోజు మధ్యాహ్నం కింది అరలో పుస్తకాలు సర్ది, లేస్తూ లేస్తూ తల పక్కకి తిప్పాను. బీరువాల వరుస మొత్తం ఒక్కసారి జారిపోయినట్టయింది. చేతికందిన పుస్తకాల ట్రాలీ పట్టుకున్నాను. దానికి చక్రాలు కదా, అదీ నాతోపాటే కదిలింది. పడ్డాను. దెబ్బేమీ తగల్లేదు కానీ, గోడ పట్టుకుని నడుస్తుంటే వెనక ఎవరో "పట్టపగలే తాగొచ్చిందా ఏమిటి" అన్నారు. ఆ మాటతో ఇంటికొచ్చి నెల రోజులు గడప దాటలేదు. తొందరపడి వెళ్ళడం కంటే అది పెద్ద తప్పు. అప్పటిదాకా కూడబెట్టుకున్న కాస్త నడకా ఆ నెలలో పోయింది.

ఎందుకు పోయిందో తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. మనిషి తూలకుండా నిలబడాలంటే మూడు ఆధారాలు కావాలి: లోపలి చెవి, కళ్ళు, పాదాల కింద నేల తెలియడం. నీకు ఒక చెవి నుంచి కబురు ఆగిపోయింది. మిగిలిన చెవితో, కళ్ళతో, పాదాలతో సర్దుకోవడం మెదడు నేర్చుకోవాలి. కదిలితేనే నేర్చుకుంటుంది. తల కాస్త తిరిగేంత కదలాలి, మర్నాడు మంచం పట్టేంత కదలకూడదు. సాయంత్రం ఇంటికొచ్చి గంటసేపు పడుకుంటే తేరుకున్నావంటే ఆ రోజు పని సరిపోయినట్టు. తెల్లారి లేచినా తల దిమ్ముగానే ఉంటే ఎక్కువైనట్టు, మర్నాడు సగం చెయ్యి. మొదటి రెండు మూడు వారాలు పూట పని, లేదా రోజు విడిచి రోజు ఇంటి నుంచి పని అడుగు. డాక్టరు చేత ఆ మాట కాగితం మీద రాయించి హెచ్ఆర్ వాళ్ళకి ఇవ్వు. నోటిమాట నాలుగు రోజుల్లో మర్చిపోతారు.

తల తిరక్కుండా ఇచ్చిన మాత్రలు ఇంకా వేసుకుంటున్నావా? ఆపరేషనయిన కొత్తలో వాంతులకీ తిరుగుడికీ అవి కావాల్సిందే. తిరుగుడిని అణిచిపెట్టే మాత్రలు నెలల తరబడి వాడితే మాత్రం మెదడు నేర్చుకోవడం కూడా నెమ్మదిస్తుంది. ఎప్పుడు మానాలో మీ డాక్టర్నే అడుగు, నీ అంతట నువ్వు ఆపకు.

వ్యాయామం మానకు. నేను తెలుగు క్యాలెండర్ని కళ్ళకి ఎదురుగా గోడకి తగిలించుకుని, ఒక తేదీ మీద చూపు నిలిపి, తల అటూ ఇటూ తిప్పేదాన్ని. మొదట్లో ఆ అంకె గంతులేసేది, రెండుగా కనపడేది. కొన్ని వారాలకి అంకె నిలబడింది. ఇంకొన్నాళ్ళకి దాని కింద సన్నక్షరాల్లో ఉన్న తిథి కూడా తల తిప్పుతూనే చదవగలిగాను. ఆ రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఆఫీసులో కూడా ఓ నిమిషం వీలు చేసుకుని చెయ్యి, ఎవరేమనుకుంటారోనని ఆగకు.

కళ్ళు మూసుకునే చోట జాగ్రత్త. ఒక చెవి ఎలాగూ లేదు, కళ్ళు కూడా మూస్తే మిగిలేది పాదాలే. తలస్నానం స్టూలు మీద కూర్చుని చెయ్యి. షాంపూ కళ్ళలోకి వస్తుందని కళ్ళు మూసి నిలబడి మగ్గుతో నీళ్ళు పోసుకున్నావో, అక్కడే పడతావు. బాత్రూం దారిలో రాత్రంతా చిన్న లైటు వెలగనీ. గుడికి వెళ్తే ఆత్మప్రదక్షిణ ఇప్పుడే వద్దు. దేవుడేమీ అనుకోడు, నిలబడి కళ్ళు తెరుచుకునే దణ్ణం పెట్టుకో.

బండి మాత్రం తాళం వేసి మీ అమ్మకి ఇచ్చెయ్. తూలడం ఒక్కటే కాదు, ఒక చెవితో హారన్ ఏ వైపు నుంచి వస్తోందో తెలియదు. మన బెంగళూరులో ఫుట్‌పాత్ మీదికి కూడా స్కూటర్లు ఎక్కుతాయి, నడిచేటప్పుడూ వెనక్కి చూసి అడుగెయ్యి. నీకు కె.ఆర్. పురంలో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కితే పట్టందూరు అగ్రహారంలో దిగడమే. 2023 మార్చిలో ఆ ముక్క మొదలవ్వబట్టి బతికిపోయావు. నా రోజుల్లో రెండు బస్సులు మారేదాన్ని. పది దాటాక వెళ్ళు, రద్దీ తగ్గుతుంది. ఎస్కలేటర్ వద్దు, లిఫ్ట్ ఎక్కు. సీటు దొరక్కపోతే స్తంభం పట్టుకుని కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడు. కిటికీలోంచి పక్కకి పరుగెత్తే బిల్డింగులు చూడకు, పెట్టె లోపలే కదలని దేన్నయినా చూడు.

స్క్రీన్ మీద పేజీ జరజరా జరుగుతుంటే కూడా అలాగే తిరుగుతుంది. మౌస్ చక్రం తిప్పకుండా పేజీకి పేజీ మార్చుకో, రెండో మానిటర్ కొన్నాళ్ళు ఆపెయ్. మీటింగులో ఎడమ చెవి గోడ వైపు ఉండేలా కూర్చో. క్యాంటీన్ గోలలో పక్కవాడి మాట కూడా అర్థం కాదు, చాలా అలసిపోతావు. మొదట్లో డబ్బా తీసుకెళ్ళి ప్రశాంతంగా ఓ మూల తిను.

టీమ్‌లో అందరికీ మొదటి రోజే చెప్పెయ్: చెవి నరం మీద ఆపరేషన్ అయింది, తూలతాను, ఎడమ వైపు నుంచి పిలిస్తే వినపడదు అని. రెండు వాక్యాలు చాలు. నేను చెప్పలేదు కాబట్టే ఆ రోజు ఆ మాట పడ్డాను. తిరిగి వెళ్ళాక చెప్పాను. అటెండర్ దగ్గర్నుంచి పిల్లల దాకా నా ఎడమ పక్కకి వచ్చి మాట్లాడేవాళ్ళు, కింది అరల పుస్తకాలు నన్ను తియ్యనిచ్చేవాళ్ళు కాదు.

బరువులు ఎత్తకు. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ కోడలు వద్దంటున్నా నువ్వే ఎత్తుతున్నావట. డాక్టరు చెప్పేదాకా ఆ పని కుర్రాడికి అప్పజెప్పు. వంగినప్పుడు ముక్కులోంచి నీళ్ళలా కారినా, గొంతులో ఉప్పగా తగిలినా, జ్వరంతో మెడ పట్టేసినా జలుబు అనుకుని ఆవిరి పట్టుకుంటూ కూర్చోకు. మెదడు చుట్టూ ఉండే నీరు కారుతుండొచ్చు, లేదా ఇన్ఫెక్షన్ కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళు, అర్ధరాత్రయినా సరే.

ఇంకొకటి. నాలుగు నెలలు బాగుండి ఓ రోజు మళ్ళీ మొదట్లోలా తిరుగుతుంది. నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా నాకు ఇప్పటికీ అంతే. గడ్డ మళ్ళీ వచ్చిందని టెన్షన్ పడి తెల్లవార్లూ ఫోన్లో వెతక్కు. విశ్రాంతి తీసుకుంటే సర్దుకుంటుంది. రెండు మూడు రోజులైనా తగ్గకపోతే డాక్టరుకి చూపించు. స్కానింగ్ వాళ్ళు చెప్పిన తేదీకి తప్పకుండా చేయించుకో.

ఆదివారం పొద్దున లాల్‌బాగ్‌కి రా, కోడలు ఆటోలో దింపుతానంది. గడ్డి మీద నడుద్దాం, మెత్తటి నేల మీద పాదాలకి మంచి పని. నా కుడి చెవి, నీ ఎడమ చెవి పోయాయి కాబట్టి నువ్వు నాకు ఎడమ పక్కన నడువు, ఇద్దరికీ మాటలు వినపడతాయి.

మీ పెద్దమ్మ