పంచదార, మైదా లేకుండా ఓటీజీలో యాపిల్ క్రంబుల్

మైదా, పంచదార లేకుండా, షుగర్ ఉన్న మీ అత్తగారు కూడా కాస్త తినగలిగేలా, పండ్లతో ఓటీజీలో (బేకింగ్‌కి వాడే చిన్న కరెంటు ఓవెన్) చేసే స్వీటు చెప్పమన్నారు. మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి. నాన్నగారికి షుగర్, పిల్లలకేమో భోజనం కాగానే తీపి పడాలి. నన్నడిగితే కేకు జోలికి వెళ్లొద్దు, యాపిల్ క్రంబుల్ చేయండి. కేకులో తీపి బాగా తగ్గిస్తే మెత్తదనం కూడా పోతుంది. ఇందులో ఆ బాధ లేదు. కింద పండు, పైన ఓట్స్ పొర, అంతే. వేడికి పండులో నీరు ఇగిరి, ఉన్న తీపే చిక్కబడుతుంది. అందుకే పండ్లలో నేను బెల్లం అసలు వేయను.

యాపిల్స్ గట్టిగా ఉండాలి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వచ్చే కొత్త పంట సిమ్లా, కాశ్మీర్ కాయలు చాలా బాగుంటాయి. చాలాకాలం నిల్వ ఉండి పిండిపిండిగా అయిన కాయలైతే గుజ్జయిపోతాయి. నాలుగు కాయలు తొక్కతోనే అంగుళం ముక్కలు కోయండి, పీచు పోనివ్వకూడదు కదా. మైనం పూత ఉంటే గోరువెచ్చని నీళ్లతో రుద్ది కడగాలి. చెంచాడు నిమ్మరసం, అర చెంచా దాల్చినచెక్క పొడి, చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి గాజు బేకింగ్ గిన్నెలో పరచండి.

అసలు పనితనమంతా పైపొరలోనే ఉంది. కప్పు రోల్డ్ ఓట్స్ (ఇన్‌స్టంట్‌వి వద్దు, జిగురొస్తాయి), అరకప్పు గోధుమపిండి, గుప్పెడు బాదం పలుకులు, మూడు టేబుల్ స్పూన్ల బెల్లం పొడి, చిటికెడు ఉప్పు. ఇందులో నాలుగు టేబుల్ స్పూన్ల పేరుకున్న నెయ్యి వేసి వేళ్ల కొసలతో నలపాలి. కరిగిన నెయ్యి పోస్తే పిండి పీల్చేసుకుని పొర అట్టలా తయారవుతుంది. ఎండాకాలంలో నెయ్యిని ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. పిడికిట నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తాకితే పొడిపొడిగా విడిపోవాలి. సున్నుండల పిండి కన్నా ఒక పిసరు పొడిగా ఉంటే సరి. దాన్ని పండు మీద వదులుగా చల్లండి, అదమకండి.

ముందే వేడి చేసిన ఓటీజీలో, మధ్య అరలో, 180 డిగ్రీల దగ్గర 35–40 నిమిషాలు. అంచుల్లో రసం చిక్కగా బుడగలొస్తూ, పైన బంగారు రంగు తిరిగితే అయినట్టే. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు గిన్నెని నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టకండి, పగిలిపోవచ్చు. పావుగంట ఆగి వడ్డిస్తే రసం చిక్కబడుతుంది. ఐస్‌క్రీమ్ బదులు మేం గట్టి పెరుగు వేసుకుంటాం, ఆ పులుపు దీనికి భలే కుదురుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. బెల్లమే కదా, షుగర్ వాళ్లకి ఫరవాలేదు అనుకోకండి. రక్తంలో చక్కెర పెంచే విషయంలో అది పంచదారకేమీ తీసిపోదు. పండులో ఉన్నదీ చక్కెరే. నాన్నగారి వాటా వేరే చిన్న గిన్నెలో, బెల్లం లేకుండా బాదం పలుకులు ఎక్కువ వేసి, అదే ఓవెన్‌లో పక్కన పెడతాను. ఆ పూట ఆయన అన్నం తగ్గిస్తారు. మీ అత్తగారికి కూడా అలాగే చేయండి, ఎంత తినొచ్చో డాక్టరుని ఒకసారి అడగండి.

యాపిల్ లేకపోతే దోర జామకాయ గింజలు తీసేసి వాడొచ్చు, ఇంకో పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. మిగిలితే ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. వేడి చేసేటప్పుడు మాత్రం మైక్రోవేవ్ వద్దు, పైపొర మెత్తబడిపోతుంది.