కూర్చుని మాట్లాడే వీడియోలకు ముందు మైక్ కొనండి

చేతిలో ఫోన్ ఉంది, డబ్బు కొద్దిగానే ఉంది, కెమెరా కొనాలా మైక్ కొనాలా అని అడిగారు. మైకే కొనండి. నాలుగేళ్ల కిందటి ఫోన్ అయినా వెనక కెమెరాతో 1080పి వీడియో చక్కగానే వస్తుంది. బొమ్మ కాస్త తేలిపోయినా జనం చూస్తారు గానీ, మాట బావిలోంచి వస్తున్నట్టుంటే ఎవరూ నిలబడరు.

మైక్ ధరకన్నా అది నోటికి ఎంత దూరంలో ఉందన్నదే ముఖ్యం. ఆ దూరం రెట్టింపైతే మీ గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది, గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దం మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అందుకే మీటరున్నర దూరంలో కెమెరా నెత్తిన కూర్చున్న ఖరీదైన షాట్‌గన్ మైక్ (ఎదుటి శబ్దాన్నే ఎక్కువగా పట్టే పొడవాటి మైక్) కన్నా చొక్కాకి తగిలించిన మామూలు కాలర్ మైక్ నయం. బోయా బీవై-ఎం1 లాంటి వైరు మైక్ చాలు. దాని వైరు 6 మీటర్లుంటుంది. స్విచ్ ఫోన్‌కి ఒకవైపు, కెమెరాకి ఇంకోవైపు. కెమెరా వైపు పెట్టి మర్చిపోతే లోపలి ఎల్ఆర్44 బ్యాటరీ అయిపోతుంది.

మైక్‌ని గడ్డానికి జానెడు కింద పెట్టండి. వైరును క్లిప్ దగ్గర చిన్న చుట్టలా తిప్పి అదే క్లిప్‌లో బిగిస్తే, కింద వైరు కదిలినా ఆ గరగర మైక్ దాకా రాదు. గొలుసు, షాల్ తగలకుండా చూసుకోండి.

ఎక్కువమంది దెబ్బతినేది పిన్ను దగ్గర. దాని మీద గీతలు లెక్కపెట్టండి: మూడుంటే ఫోన్‌ది, రెండుంటే కెమెరాది. రెండు గీతల పిన్ను ఫోన్‌కి గుచ్చితే ఫోన్ ఏ హెచ్చరికా లేకుండా తన సొంత మైక్‌తోనే రికార్డు చేసేస్తుంది. అందుకని రికార్డింగ్ పెట్టి ముందు కాలర్ మైక్‌ని, తర్వాత ఫోన్ కింది అంచుని గోటితో గీకండి. వింటే ఏది గట్టిగా ఉందో అదే పనిచేస్తున్న మైక్. ఫోన్‌కి గుండ్రటి జాక్ లేక టైప్-సి కన్వర్టర్ కొనేటప్పుడూ జాగ్రత్త, కొన్ని కన్వర్టర్లు పాటలు వినడానికే తప్ప మైక్‌కి పనికిరావు.

లెవల్ మీటర్ (శబ్దం ఎంత గట్టిగా రికార్డవుతోందో చూపే గీత) కనిపించే యాప్ అయితే గట్టిగా మాట్లాడిన చోట అది మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగాలి. సున్నాకి తగిలి పగిలిన గొంతును ఎడిటింగ్‌లో బాగుచేయడం చాలా కష్టం. కాలర్ మైక్‌లు చాలావరకు అన్ని వైపుల శబ్దాన్నీ తీసుకుంటాయి కాబట్టి ఫ్యాన్ ఆపండి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మందపాటి దుప్పటి ఒకటి కెమెరా వెనక, అంటే మీకు ఎదురుగా వేలాడదీయండి. మాట ముందు తగిలేది అక్కడే.

వెలుతురుకు కిటికీ చాలు, అది మీకు ముందు ఏటవాలుగా ఉండాలి. వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది. బల్బుల కింద తీస్తే షట్టర్ (ఒక్కో ఫ్రేమ్‌కి వెలుగు తీసుకునే సమయం) సెకనులో 1/50 వంతు పెట్టండి, కరెంటు 60 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో 1/60. లేకపోతే బొమ్మ మీద చారలు పాకుతాయి.

ఫోన్‌ని కళ్ల ఎత్తులో, మీటరున్నర దూరంలో పెట్టి, 2ఎక్స్ (రెండింతలు దగ్గరగా చూపే) లెన్స్ ఉంటే అది వాడండి. దగ్గరగా వైడ్‌లో తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. తెరపై ముఖం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ (బొమ్మ వెలుగు) లాక్ చేస్తే మధ్యలో వెలుగు ఎగిరిపడదు.

ఇవన్నీ కుదిరాక కెమెరా కొనేట్టయితే మైక్ జాక్, ముందుకు తిరిగే తెర, ముఖాన్ని వదలని ఆటోఫోకస్ చూసుకోండి. పాత మోడళ్లు చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆపేస్తాయి, సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే అది ముందే కనుక్కోండి.