సీడీ చదువుతుంది, డీవీడీ చదవదు

ప్రశ్న: మా ఇంటి కంప్యూటర్‌లోని డీవీడీ డ్రైవ్ పాటల సీడీలను చక్కగా చదువుతోంది గానీ, డీవీడీ పెడితే కాసేపు గిర్రున తిరిగి, డిస్క్ లేదని చూపిస్తోంది. ఒక్కోసారి ట్రే బయటికి రావడం లేదు. డ్రైవ్ మార్చక తప్పదా?

జవాబు: అప్పుడే మార్చకండి. సీడీని 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న పరారుణ (కంటికి కనిపించని) లేజర్‌తోనూ, డీవీడీని 650 నానోమీటర్ల ఎర్ర లేజర్‌తోనూ చదువుతారు కాబట్టి, మొదటిది పనిచేస్తున్నప్పుడు కేబుల్‌ను అనుమానించనక్కర్లేదు. ఎర్ర లేజర్ బలహీనపడి ఉండవచ్చు, లేదా లెన్స్ మీద దుమ్ము చేరి ఉండవచ్చు. సీడీలో ట్రాకుల (సమాచారం రాసి ఉండే సన్నని చుట్ల) మధ్య దూరం 1.6 మైక్రాన్లయితే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) డీవీడీలో 0.74 మాత్రమే కనుక, సీడీకి అడ్డురాని దుమ్ము కూడా డీవీడీకి అడ్డవుతుంది.

ముందు కంపెనీ ముద్రించిన డీవీడీలు రెండు మూడు పెట్టి చూడండి. ఇంట్లో రికార్డు చేసినవి కాంతిని తక్కువగా పరావర్తనం చేస్తాయి కాబట్టి వాటితో పరీక్షిస్తే తేలదు.

లాప్‌టాప్ డ్రైవ్ అయితే లెన్స్ ట్రే మీదే కనిపిస్తుంది. కంప్యూటర్ ఆపేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన దూదిపుల్లతో మెల్లగా తుడవండి. లెన్స్ సన్నని తీగల మీద వేలాడుతుంది, ఏమాత్రం నొక్కవద్దు. డెస్క్‌టాప్ డ్రైవ్‌లో అది లోపల ఉంటుంది కనుక లెన్స్ శుభ్రపరిచే డిస్క్ వాడవచ్చు. ట్రే ఇరుక్కుంటే, కరెంటు తీసేశాక, ముందు భాగంలోని చిన్న రంధ్రంలోకి సాగదీసిన పేపర్ క్లిప్ గుచ్చితే బయటికి వస్తుంది.

ఇంత చేసినా చదవకపోతే లేజర్ అరిగినట్టే. లోపలి స్క్రూ తిప్పి లేజర్ శక్తి పెంచమనే సలహాలు వినకండి, అది ఉన్న ఆయుష్షును కూడా తగ్గిస్తుంది. యూఎస్‌బీతో బయటి నుంచి తగిలించే డీవీడీ డ్రైవ్ కొనుక్కోవడం మేలు.