తలకు తగిలిన దెబ్బ సంగతి ముందు చెప్పండి

ప్రశ్న: నా వయసు 27. మా దేశం తరఫున రగ్బీ సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) ఆడతాను. పెళ్లయి మూడేళ్లయింది. ఏడాదిలో సగం రోజులు క్యాంపులు, టూర్లతోనే సరిపోతుంది. ‘ఇక ఆట చాలు, పిల్లల గురించి ఆలోచిద్దాం’ అని మా ఆయన పట్టుబడుతున్నారు. నాకేమో ఇంకో ఒలింపిక్స్ ఆడాలని ఉంది. ఈ గొడవతో ఫోన్‌లో కూడా సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. పోయిన టోర్నమెంట్‌లో ట్యాకిల్ చేస్తుంటే (బంతితో పరుగెత్తే ప్రత్యర్థిని పట్టి పడేస్తుంటే) తలకు దెబ్బ తగిలి కాసేపు కళ్లు తిరిగాయి. ఎవరికీ చెప్పలేదు. మూడు వారాలుగా తలనొప్పి వస్తూ పోతూ ఉంది, అయినా ప్రాక్టీస్‌కి వెళ్తున్నాను. ఆటా, ఇల్లా? తేల్చుకోలేకపోతున్నాను.

జవాబు: అమ్మా, ఉత్తరం నిండా మీ ఆయనతో గొడవే రాసి, తలకు తగిలిన దెబ్బను రెండు ముక్కల్లో దాటేశారు. నాకు మాత్రం అది చదవగానే గుండె గుభేల్మంది. ఆటా, ఇల్లా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఈరోజే ప్రాక్టీస్ ఆపి టీమ్ డాక్టర్‌కి జరిగింది జరిగినట్టు చెప్పండి.

ఎందుకు దాచారో నాకు అర్థమవుతుంది. సెవెన్స్‌లో మ్యాచ్ అంటే సగానికి ఏడేసి నిమిషాలే. రెండు మూడు గంటల్లో మళ్లీ ఇంకో మ్యాచ్ ఉంటుంది. చెబితే ఆ టోర్నమెంట్ అక్కడితో సరి, మీ చోటు కోసం ఇంకో అమ్మాయి బెంచీ మీద బూట్లు కట్టుకుని సిద్ధంగా ఉంటుంది. కానీ మెదడుకు తగిలిన అదురు మోకాలి నొప్పి లాంటిది కాదు. స్కాన్‌లో చాలాసార్లు ఏమీ కనిపించదు, మీరు నోరు విప్పి చెబితేనే డాక్టర్‌కి తెలుస్తుంది. అది తగ్గకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. పైగా అంత పెద్ద మైదానంలో ఉండేది జట్టుకు ఏడుగురే, చాలాసార్లు ఎదుటివాళ్లను ఒంటరిగానే ఆపాలి. మీరు అర క్షణం ఆలస్యంగా, తల తప్పు వైపు పెట్టి ట్యాకిల్‌కి వెళ్తే ఆ రెండో దెబ్బ తగిలేది మీకే. తలనొప్పి ఎక్కువవుతున్నా, వాంతులైనా, మాట తడబడినా, చేయో కాలో పట్టు తప్పినా ఎవరి ఫోన్ కోసమూ ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

చెబితే కెరీర్ అయిపోతుందని భయపడకండి. డాక్టర్ చూసి సరే అన్నాక ముందు నడక, తర్వాత పరుగు, ఆ తర్వాత బంతితో ప్రాక్టీస్, అన్నింటికీ చివర ట్యాకిల్స్. అలా మెట్టు మెట్టుగా తిరిగి రావచ్చు. న్యూజిలాండ్ క్రీడాకారిణి సారా హిరిని మోకాలి లిగమెంట్ 2023 డిసెంబర్‌లో తెగింది. 2024 జూలైలో పారిస్ ఒలింపిక్స్‌లో ఆడి స్వర్ణం గెలిచారు. మోకాలు వేరు, తల వేరు, నిజమే. కానీ దెబ్బను దెబ్బ అని ఒప్పుకుని వైద్యం చేయించుకున్నారు కాబట్టే ఆమె తిరిగి రాగలిగారు.

ఇక మీ ఆయన సంగతి. ఆయన ఆటకు శత్రువని నాకు అనిపించడం లేదు. మీరు టూర్‌లో ఉన్నప్పుడు ఐస్ ప్యాక్ కనిపించకుండా కెమెరా పక్కకి తిప్పి ‘బాగానే ఉన్నా’ అంటూ ఉండి ఉంటారు. చాలామంది ఆటగాళ్లు ఇంట్లో చేసే పనే ఇది. చెప్పనిది మనిషి ఊహించుకుంటాడు, ఆ ఊహ ఎప్పుడూ నిజం కన్నా భయంకరంగానే ఉంటుంది. ‘ఆట మానేయ్’ అన్న మాట వెనక ఆ భయం ఎంత ఉందో, పిల్లల మీద ఆశ ఎంత ఉందో మీరు అడిగితే గానీ తెలియదు. డాక్టర్ దగ్గరికి ఆయన్నీ తీసుకెళ్లండి. తన సందేహాలు తనే అడగనివ్వండి.

పిల్లల విషయంలో మాత్రం ఆయన అడగడం తప్పు కాదు. మీ శరీరం, మీ నిర్ణయం అన్నదీ నిజమే. తల్లి అయితే ఆట అయిపోయినట్టే అని ఎవరైనా అంటే నమ్మకండి. 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన న్యూజిలాండ్ జట్టులో ఆడిన నయాల్ విలియమ్స్ అప్పటికే ఇద్దరు ఆడపిల్లల తల్లి. అందరికీ అలా కుదురుతుందని చెప్పను. సెలక్షన్, జీతం, కాంట్రాక్ట్ విషయంలో మీ బోర్డు ఏం చేస్తుందో రాతపూర్వకంగా కనుక్కుని, ఆ కాగితం ఇద్దరి ముందూ పెట్టుకుని కూర్చోండి.

ఆ మాటలు తలనొప్పి పూర్తిగా తగ్గాకే. తల అదిరిన మనిషికి చిరాకు, నిద్రలేమి, దిగులు మామూలే. ఈ మూడు వారాల గొడవల్లో ఎంత భాగం మీదో, ఎంత ఆ దెబ్బదో ఇప్పుడు మీకే తెలియదు. ఈ రాత్రి ఆయనకి ఫోన్ చేసి, ‘నాకు తలకు దెబ్బ తగిలింది, నీకు చెప్పలేదు’ అని ఈ ఒక్క సంగతే చెప్పండి. ఆయన కోప్పడితే కాసేపు కోప్పడనివ్వండి.