నీళ్ల పైపుకు గోడమీద చోటు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మిద్దె తోటకు నీళ్లు పట్టే పైపును పిట్టగోడకు కొట్టిన మేకుకు తగిలిస్తున్నావనీ, అది ఏడాది తిరగకుండానే చిట్లిపోతున్నదనీ రాశావు. దోషం పైపుది కాదు. సన్నని మేకుమీద బరువంతా వేలాడితే పైపు అక్కడ అణిగి మడత పడుతుంది. పైగా ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన హైదరాబాదు ఎండకు పీవీసీ పెళుసెక్కి, ముందుగా ఆ మడత దగ్గరే విచ్చుకుంటుంది. దానికి వెడల్పైన వంపూ, నీడా కావాలి.

అటువంటి వంపుకు పాత కారు చక్రపు రిమ్మును మించినది లేదని నా అభిప్రాయం. మీ వనస్థలిపురం పక్కనే ఉన్న ఆటోనగర్‌లో, పాత సామాన్లు అమ్మేచోట, మారుతి 800 వంటి చిన్న కారుకు వాడిన 12 అంగుళాల ఇనుప రిమ్ము అడుగు. 15 మీటర్ల పైపుకు అది చాలు. 30 మీటర్లదైతే 14 అంగుళాలది తీసుకో. పైపు రాసుకునేది అంచుకే కాబట్టి, అంచు పగిలినది వద్దు. గరుకు కాగితంతో తుప్పు రుద్ది, తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్ రంగు ఒక పూత, అది ఆరాక ఎనామిల్ రంగు రెండు పూతలు వెయ్యి.

బిగించే చోటు విషయంలో మాత్రం తొందరపడకు. 30 మీటర్ల అరంగుళం పైపులో నిలిచే నీళ్లే దాదాపు 3.8 లీటర్లు, దానికి పైపు బరువు, రిమ్ము బరువు, లాగినప్పుడల్లా పడే కుదుపు తోడవుతాయి. నాలుగంగుళాల పిట్టగోడ ఇందుకు తగదు. మెట్ల గదికి తొమ్మిదంగుళాల గోడ ఉంటే దాని తూర్పు ముఖం మంచిది, మధ్యాహ్నం తిరిగాక అక్కడ నీడ పడుతుంది. కుళాయికి చేరువలో, నడుముకు కాస్త పైన గుర్తు పెట్టుకో.

డ్రిల్లు వేసేటప్పుడు రాలే పొడిని గమనించు. ఎర్రటి పొడి వస్తే బిట్టు ఇటుకలో దిగుతున్నట్లు. గోడ పై సిమెంటు పూత దాటాక కూడా బూడిద రంగు పొడే రాలుతూ ఉంటే అది రెండు ఇటుకల నడిమి సందు, అక్కడ స్క్రూ ఎన్నాళ్లో నిలవదు, రంధ్రం జరపవలసిందే. ఇటుకలో స్క్రూకు పట్టునిచ్చే నైలాన్ ప్లగ్గులు దించి, టేకు చెక్క దిమ్మను పొడవాటి స్క్రూలతో గోడకు బిగించి, ఆ దిమ్మకు రిమ్మును దాని సొంత రంధ్రాల గుండానే వెడల్పు వాషర్లు వేసి బిగించు. రిమ్ము లోతైన వైపు బయటికి ఉంచితే, ఆ గుంతలో నాజిల్, క్లిప్పులు పెట్టుకోవచ్చు. అయితే వానాకాలంలో అందులో నీళ్లు నిలిచి దోమలు పెరగకుండా అడుగున ఒక రంధ్రం తప్పక చెయ్యి.

చుట్టే ముందు కుళాయి కట్టేసి, నాజిల్ తెరిచి, పైపులోని నీళ్లు పోనివ్వు. బిగించి చుట్టవద్దు, చేతికి వచ్చినంత చుట్టలుగా రిమ్ముపై వేస్తూ పోతే చాలు. వేసవి సాయంత్రాల్లో పైపు నుంచి మొదట వచ్చే నీళ్లు వేడిగా ఉంటాయి. చెయ్యి పెట్టి చూసి, చల్లబడిన తరువాతే కుండీల వైపు తిప్పు.

ఇట్లు,
మీ మామయ్య